ఎవరిని పంపవలెను?

మన తెలుగు బాప్టిస్టు సంఘముల చరిత్ర చెప్పుకొనునప్పుడు 1836వ సంవత్సరముతో మొదలుపెట్టుట మనకు వాడుక. ఆ సంవత్సరము శామ్యూల్ డే దొరగారు విశాఖపట్నపు రేవున దిగిరి. 1840లో నెల్లూరు చేరి అక్కడ నిలిచిరి. తరువాత జూయెట్ దొరగారు, క్లౌ దొరగారు, ఒంగోలు, ధాత కరువు, గుండ్లకమ్మ యేరు. ఇవన్నియు మన సండేస్కూలు పిల్లలకును కంఠస్థమే. అయితే డే దొరగారు నెల్లూరు వీధులలో బోధించుచున్న ఆ దినములలోనే, ఆయనను పంపిన అమెరికా సమాజము నడిమికి చీలిపోయినదని మనలో ఎందరికి తెలియును? డబ్బు చాలక చీలలేదు. బాప్తిస్మమును గూర్చిన వాదముచేతను చీలలేదు. మనుష్యులను కొని అమ్ముకొనువాడు మిషనెరీగా పంపబడవచ్చునా అను ఒక్క ప్రశ్న మీద చీలెను.

ఆ సమాజము 1814లో ఫిలదెల్ఫియా పట్టణమున ఏర్పడెను. బర్మాకు వెళ్లిన జడ్సను దొరగారిని పోషించుటకై ఉత్తర రాష్ట్రములవారును దక్షిణ రాష్ట్రములవారును చేతులు కలిపిరి. మూడేండ్లకొకసారి కూడుచుండుటచేత దానికి ట్రయెన్నియల్ కన్వెన్షను అని వాడుక పేరు. మొదటి అధ్యక్షుడు దక్షిణ కరొలైనాలోని చార్లెస్టను సంఘకాపరి రిచర్డు ఫర్మన్ గారు. ఆయన గొప్ప ప్రసంగికుడు, విద్యాప్రియుడు, బానిసల యజమానుడు. ఈ మూడవ సంగతి ఆ దినములలో సమాజములోని పెద్దలకు ఎబ్బెట్టుగా తోచలేదు.

ఆ సమాజము పంపిన తొలి మిషనెరీలలో ఒకని కథ ఇక్కడ చెప్పవలెను. అతని పేరు లాట్ కేరీ. మనకు తెలిసిన విలియం కేరీ దొరగారికిని ఇతనికిని సంబంధము లేదు. ఇతడు సుమారు 1780లో వర్జీనియా రాష్ట్రములో దాసుడుగా పుట్టెను. యజమానుడు ఇతనిని రిచ్మండు పట్టణములోని పొగాకు గిడ్డంగికి అద్దెకిచ్చెను. చాకిరి ఇతనిది, కూలి యజమానునిది. 1807లో ఒక ఆదివారము ఆ ఊరి బాప్టిస్టు గుడిలో, నల్లవారికి ప్రత్యేకించిన మేడమీద కూర్చుండి, నీకొదేము రాత్రివేళ యేసునొద్దకు వచ్చిన వృత్తాంతముపైని ప్రసంగము వినెను. ఆ మాటలను తన కండ్లతో చదువుకొనవలెనని ఆశ పుట్టి, ఒక బైబిలు సంపాదించి, యోహాను సువార్త మూడవ అధ్యాయమునే ఓనమాలుగా చేసికొని చదువు నేర్చెను. గిడ్డంగిలో నేలపాలైన పొగాకు తునకలను ఏరి అమ్ముకొనుటకు సెలవు దొరకగా, ఆ చిల్లర డబ్బు కూడబెట్టి 1813లో 850 డాలర్లు చెల్లించి తన్నును తన యిద్దరు బిడ్డలను విడిపించుకొనెను. పొగాకు చెత్త అమ్మి తన బిడ్డలను కొనుక్కొన్న తండ్రి!

1815లో రిచ్మండులోని నల్లజాతి విశ్వాసులు ఆఫ్రికాకు సువార్త పంపుటకై ఒక సమాజము స్థాపించిరి. దానికి ఇతడే ప్రాణము. 1821 జనవరిలో ఇతడును కాలిన్ టీగ్ అను మరియొక సహోదరుడును ఆఫ్రికాకు ఓడయెక్కిరి. ట్రయెన్నియల్ కన్వెన్షను కూడ వీరిని తన మిషనెరీలుగా అంగీకరించెను. గిడ్డంగి యజమానులు జీతము పెంచుదుము, ఉండిపొమ్మనిరి. ఇతడు ఉండలేదు. తన చర్మపు రంగునుబట్టి కాక తన గుణమునుబట్టి తన్ను ఎంచు దేశము కావలెనని ఇతని కోరిక.

ఈ కథను ఇక్కడనే ఆపివేసిన వినుటకు సొంపుగా నుండును. కాని సత్యము చెప్పవలెను. లైబీరియాలో స్థిరపడిన ఆ అమెరికా నల్లవారు, తాము ఏ పెత్తనమునుండి పారిపోయి వచ్చిరో ఆ పెత్తనమునే అక్కడి స్థానికులపైని చెలాయించిరి. వారి వంశీకుల యేలుబడి 1980 వరకు సాగెను. లాట్ కేరీయే 1828లో, స్థానికులతో పోరుకు తూటాలు సిద్ధపరచుచుండగా మందుగుండు పేలి మరణించెను. అణచబడుట అనునది మనిషిని దానంతటదే నీతిమంతునిగా చేయదు. ఈ మాటను బానిసల యజమానులు తమకు సాకుగా చూపుకొనిరి గనుక చెప్పుటకు వెనుకాడితిని. అయినను అది నిజము.

ఈలోగా దక్షిణమున భయము పెరిగెను. 1822లో చార్లెస్టనులో డెన్మార్క్ వీసీ అను నల్లజాతి వడ్రంగి తిరుగుబాటుకు కుట్ర పన్నెనని నేరము మోపి, అతనితో కూడ 35 మందిని ఉరితీసిరి. ఆ యేటి చివరనే ఫర్మన్ గారు తమ రాష్ట్ర గవర్నరుకు జాబు వ్రాసి, దాసత్వము లేఖనసమ్మతమేయని వాదించిరి. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ నడిపిన తిరుగుబాటు తరువాత, నల్లవారు ప్రసంగింపరాదని అక్కడ శాసనము చేసిరి. లాట్ కేరీ బ్రతికియుండి రిచ్మండుకు తిరిగివచ్చియున్నయెడల, సమాజము పంపిన ఆ మిషనెరీ తాను రక్షింపబడిన గుడిలో నోరు తెరచుట నేరమైయుండును. 1841లో తెల్లవారు వేరే గుడి కట్టుకొని ఆ పాత గుడిని నల్లవారికి విడిచిపెట్టిరి. అప్పుడును చట్టప్రకారము కాపరి తెల్లవాడే కావలసివచ్చెను.

1840 నాటికి ఉత్తరమున దాసత్వ వ్యతిరేకులు గట్టిగా మాటలాడసాగిరి. వారి మాటలు అందరికి చేదుగా నుండెను. సమాజపు పెద్దలు ఇరుపక్షములను నిలుపుకొనగోరి, ఈ విషయము మన పని కాదు, మన పని సువార్త మాత్రమేయని తీర్మానించుచు వచ్చిరి. 1841లో బాల్టిమోరులో దాసత్వమును ఖండించిన ఎలన్ గలూషా గారిని పదవినుండి తప్పించి, బానిసల యజమానుడైన రిచర్డు ఫుల్లర్ గారిని ఆ స్థానమున పెట్టిరి. ఎవరి పక్షమును వహింపమన్నవారు అప్పుడు ఎవరి పక్షము వహించిరో చదువరులే చూడగలరు. 1844లో మరల అదే మౌనమును పొడిగించిరి.

ఆ సంవత్సరముననే ఫుల్లర్ గారును, బ్రౌను విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ వేలండ్ గారును పత్రికాముఖమున జాబులు వ్రాసికొనసాగిరి. అవి 1845లో పుస్తకముగా వెలువడెను. ఒకరినొకరు ప్రియ సహోదరుడా యని పిలుచుకొనుచు, ఒక్క పరుషవాక్యమైన లేకుండ వాదించిన వాదమది. నేటి మన సంఘ సభలలో వినబడు కేకలతో పోల్చిన అది ఆదర్శప్రాయమే. పాత నిబంధన అనుమతించి క్రొత్త నిబంధన నిషేధింపనిది పాపమెట్లగునని ఫుల్లర్ గారు. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ ఉండగా వేరే నిషేధమెందుకని వేలండ్ గారు. దుర్వినియోగము వేరు, వ్యవస్థ వేరు అని ఒకరు. వానిని వేరుచేయుట కుదరదని ఒకరు.

నా మనస్సును కలచినది వారి వాదము కాదు. ఆ పుస్తకమంతటిలో ఒక్క జాబైనను దాసుడు వ్రాసినది లేదు. దక్షిణ రాష్ట్రములలో అనేకచోట్ల దాసునికి చదువు చెప్పుటయే నేరము. ఇద్దరు సజ్జనులు, విద్యావంతులు, దైవభక్తులు, లక్షలమంది బ్రతుకును గూర్చి మర్యాదగా చర్చించిరి. ఆ లక్షలమంది గుమ్మము వెలుపల నిలిచి పని చేయుచుండిరి.

ఇక చీలిక వేగముగా వచ్చెను. 1844లో జార్జియావారు బానిసలుగల జేమ్స్ రీవ్ అనునతనిని స్వదేశ మిషనుకు ప్రతిపాదించిరి. ఇది పరీక్షకై చేసినదని తెలిసి ఆ మిషనువారు దరఖాస్తును చేపట్టకుండ త్రోసివేసిరి. నవంబరులో అలబామావారు బోస్టనులోని విదేశ మిషను బోర్డుకు తీర్మానములు పంపిరి. వారి కోరికను మనము శ్రద్ధగా చూడవలెను. బానిసలు గలవారికిని లేనివారికిని సమాజములో సమానమైన హక్కులుండవలెనని వారు కోరిరి. సమానత్వమట! తమ ప్రత్యేకాధికారమును కాపాడుకొనువారు ఆ దినమున ఎత్తుకొన్న మాట సమానత్వము. పెత్తనము చాలకాలము అలవాటైనవానికి దానిని ప్రశ్నించుటయే అన్యాయముగా తోచును. వారు కపటముగా అడిగిరని నేననుకొనను. నిజముగా గాయపడినవారివలెనే అడిగిరి.

డిసెంబరులో బోర్డువారు ప్రత్యుత్తరమిచ్చిరి. బానిసలు గలవాడు వారిని తన సొత్తుగా ఉంచుకొందునని పట్టుబట్టినయెడల అట్టివానిని నియమింపజాలమనిరి. 1845 మే నెలలో జార్జియాలోని ఆగస్టా పట్టణమున దక్షిణపువారు కూడి సదరన్ బాప్టిస్టు కన్వెన్షను స్థాపించుకొనిరి. దాని మొదటి అధ్యక్షుడు విలియం జాన్సను గారు అంతకుముందు ఉమ్మడి సమాజమునకే అధ్యక్షుడు. మన నెల్లూరు మిషను ఉత్తరపువారి పాలికి వచ్చెను.

ఉత్తరపువారు నిర్దోషులని మనము మురియనక్కరలేదు. ముప్పది యేండ్లు వారు ఆ డబ్బును ప్రశ్నింపక పుచ్చుకొనిరి. మసాచుసెట్సు మిల్లులు దాసులు ఏరిన ప్రత్తినే వడికెను. బోస్టనులోను నల్లవారికి గుళ్లలో వేరే బల్లలుండెను. విధిలేక న్యాయము చెప్పిరి. అయినను చెప్పిరి.

మెథడిస్టులు కూడ అదే 1844లో, ఒక బిషప్పుగారికి బానిసలుండుటనుగూర్చి విడిపోయిరి. సంఘములు ముందు చీలెను, రాజ్యము తరువాత చీలెను. 1861 మొదలు 1865 వరకు జరిగిన యుద్ధములో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయిరి. యుద్ధారంభమున ఆ దేశములో దాసులు దాదాపు నలుబది లక్షలమంది.

యుద్ధము ముగిసిన ఆ 1865లోనే క్లౌ దొరగారు నెల్లూరు వచ్చిరి. మరుసటి సంవత్సరము ఒంగోలుకు కదలిరి. అక్కడి అగ్రకులముల పెద్దలు ఆయనను ఆదరించి, తమ పిల్లలకు బడి పెట్టమని అడిగిరి. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య గారి మూలముగా మాదిగలు సంఘములోనికి రాసాగిరి. వారిని చేర్చుకొన్న మేము రాము, మా పిల్లలను పంపము అని పెద్దలు తెగేసి చెప్పిరి. జాతిభేదము వేరు, కులభేదము వేరు. రెంటిని ఒకటేయనుట పొరపాటు. కాని సమాజమును చీల్చిన చిక్కే ఇప్పుడు వేరొక వేషమున ఆయన గుమ్మము తట్టెను. డబ్బు, పరపతి, చదువుగలవారిని నిలుపుకొనవలెనా? నిలుపుకొనుటకు ఎవరిని వెలుపల ఉంచవలెను?

ఆ దినమున ఏమి చేయవలెనో తోచక ఒక బైబిలు తీసి తెరువగా మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయము 26వ వచనము కనబడెనని, వేరే గదిలో ఆయన భార్యయు అదే భాగమును తెరచియుండెనని క్లౌ దొరగారు తమ జీవితకథలో చెప్పిరి. ఆ వచనము చదువరులు తీసి చూచుకొనగలరు. పెద్దలు వెళ్లిపోయిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దక్షిణపువారి కన్వెన్షను 1995లో, నూటయేబది యేండ్లకు, తన పుట్టుకలో దాసత్వమునకున్న పాలును ఒప్పుకొని నల్లజాతివారిని క్షమాపణ వేడెను. ఆలస్యమేయని కొందరనిరి. ఆలస్యమే. 2012లో నల్లజాతివాడైన ఫ్రెడ్ లూటర్ గారిని తన అధ్యక్షునిగా ఎన్నుకొనెను.

మన సంగతి యేమి? మనము గుండ్లకమ్మ సంతానము. కాని మనలో మిషను బడికి ముందు వెళ్లినవారు, మిషను ఆసుపత్రిలో ముందు ఉద్యోగము పొందినవారు, పట్టణము చేరినవారు నేడు వేరు. సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు మాల, మాదిగ అను మాటలు ప్రార్థనలో వినబడవు గాని ఓట్ల లెక్కలో వినబడును. ఇవి ఎత్తితే సంఘము చీలునని పెద్దలందురు. బాల్టిమోరులోని పెద్దలకును అదే భయముండెను.

ఈ వ్యాసము వ్రాయుచు మా సంఘపు కమిటీ పేర్లు తీసి, ఎవరు ఏ పేటవారో గుర్తువేసి చూచితిని. కాలువ అవతలి పేటనుండి ఒక్క పేరును లేదు. అక్కడివారు ప్రతి ఆదివారము నడిచి వచ్చుచున్నవారే, కానుక వేయుచున్నవారే. ఎందుకు లేదని ఒకప్పుడు ఎవరో అడుగగా, వారెన్నడును అడుగలేదు గదా యని జవాబు చెప్పితిమి. ఆ జవాబు చెప్పినవారిలో నేనును ఒకడను. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వారితోకూడ కాలువ దాటి వెళ్లవలెనని మేము నలుగురము అనుకొన్నాము.