నుమాయిష్ చెప్పిన పాఠం – మన పసుపు నేల

జనవరి మాసం రాగానే మన ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెల్లో పసుపు తవ్వకం మొదలవుతుంది. ఇక్కడ కల్లాల్లో పసుపు ఉడుకుతున్న రోజుల్లోనే అక్కడ హైదరాబాద్ నాంపల్లిలో నుమాయిష్ దీపాలు వెలుగుతాయి. పిల్లలు రంగులరాట్నం కోసం, ఆడవాళ్లు గాజులు, దుప్పట్ల కోసం పోయి వస్తారు. నుమాయిష్ అంటే ఒక పెద్ద తమాషా అని మనలో చాలామంది అభిప్రాయం. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ అభిప్రాయం మారక తప్పదు. అందుకే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

సంతలు, వర్తకం మనకు కొత్త కావు. ఇస్లాముకు పూర్వమే తాయిఫ్ దగ్గర ఉకాజ్ సంత జరిగేది. అక్కడ సరుకుతో పాటు కవిత్వం కూడా పోటీకి నిలిచేది. మహాప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకు తీసుకొని షాము దేశానికి వెళ్లిన నిజాయితీ గల వర్తకులు. ఆధునిక కాలానికి వస్తే 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనను అరవై లక్షల మందికి పైగా చూశారు. అందులో మిగిలిన డబ్బుతో స్థలం కొని మ్యూజియములు, విద్యాసంస్థలు నెలకొల్పారు. ప్రదర్శన ముగిసింది గాని, ఫలం నిలిచింది.

మన హైదరాబాద్ కథ కూడా అటువంటిదే. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. ఆ దశాబ్దం చివరలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అదే కాలంలో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు రాష్ట్ర ఆర్థిక పరిస్థితిని సర్వే చేయ సంకల్పించారు. పైకం లేదు. పైకం కోసం స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. 1938లో బాగె ఆమ్‌లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ప్రారంభించారు. పేరు 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ', అనగా మన ముల్కు తయారీల ప్రదర్శన. మొదట పది రోజులే. 1946లో నాంపల్లికి మారింది. 1947, 48లలో ఆగిపోయి, 1949లో రాజాజీ చేతుల మీదుగా తిరిగి మొదలైంది. అప్పటి నుంచి అది అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన. ఇప్పుడు సాధారణంగా 46 రోజులు సాగుతుంది.

ఈ నుమాయిష్ ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ అనేక విద్యాసంస్థలు నడుపుతున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, ఆడపిల్లల కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అందులోనివే. రంగులరాట్నం టికెట్టు డబ్బు ఎందరో ఆడపిల్లల చదువుగా మారిందన్న మాట!

ఇక మన సంగతి. పసుపు రకాల్లో 'ఆర్మూర్' అనే పేరే ఒకటి ఉన్నది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉన్నది. పేరు పుస్తకాలకెక్కింది గాని, పొట్లం మీదికి ఎక్కలేదు. మంచి ధర కోసం మన రైతు సాంగ్లీ దాకా బండి కట్టించుకొని పోయిన రోజులున్నాయి. 2019 పార్లమెంటు ఎన్నికల్లో గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం నిజామాబాద్‌లో 178 మంది రైతులు పోటీలో నిలిచారు. జాతీయ పసుపు బోర్డు 2023 అక్టోబరులో ప్రకటించబడి, 2025 జనవరి 14న ప్రారంభమైంది. అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. సంతోషమే. కాని సదస్సు అయినా, బోర్డు అయినా తలుపు మాత్రమే తెరుస్తుంది, లోపలికి మనమే నడవాలి.

మార్కెట్ యార్డులో అడితి దుకాణం దగ్గర కాడికి ఇంత, గోలకు ఇంత అని ధర మాత్రం తెలుస్తుంది. ఎందుకు తగ్గిందో తెలియదు. ప్రదర్శనలో కొనేవాడు ఎదురుగా నిలబడి తేమ ఎక్కువ, కుర్కుమిన్ తక్కువ, మందుల అవశేషం ఉన్నది, ప్యాకింగ్ బాగులేదు అని కారణం చెప్తాడు. ఆ కారణమే అసలు లాభం. అది తెలిసినవాడు వచ్చే ఏడాది సరుకు బాగు చేసుకుంటాడు.

కాబట్టి సంఘ సభ్యులకు మూడు విన్నపాలు. ఒకటి: మన అక్కాచెల్లెళ్లు కొందరు కలిసి శుభ్రమైన పసుపు పొడి పట్టించి, ఆర్మూర్ పేరుతో నుమాయిష్‌లో ఒక చిన్న స్టాలు పెట్టాలి. రెండు: చదువుకునే పిల్లలను అక్కడికి చేతిలో నోటుబుక్కుతో పంపాలి. మూడు: ఆ పట్టభద్రులు తలపెట్టిన సర్వేను మన మహల్లాలోనే మనం చేయాలి. హమాలీ చేసేవారెందరు, పాలిష్ పనికి పోయేవారెందరు, గల్ఫుకు పోయినవారెందరు, బడి మానిన పిల్లలెందరు? లెక్క తెలిస్తేనే సాయం ఎవరికి చేరాలో తెలుస్తుంది.

1938లో ఆ యువకుల చేతిలో పైకం లేదు, పట్టుదల ఉన్నది. మన దగ్గర పసుపు కూడా ఉన్నది. ఇన్షా అల్లాహ్, వచ్చే జనవరిలో నాంపల్లికి కొనేవాళ్లుగానే గాక, అమ్మేవాళ్లుగా కూడా పోదాము.