యువ మగ ఏనుగుల ఆధిపత్య ప్రవర్తన (కౌండిన్య అభయారణ్యం)

ఎదుగుతున్న మగ ఏనుగులు పరస్పరం బలాన్ని పరీక్షించుకుని, తమలో హెచ్చుతగ్గుల స్థానాలను తేల్చుకునే చేష్టలను ఆధిపత్య ప్రవర్తన అంటారు. చిత్తూరు జిల్లాలో ఇది కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంలోని ఆసియా ఏనుగులకు సంబంధించినది. 1980వ దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు ప్రాంతాలకు చేరాయి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో అభయారణ్యం ఏర్పడింది.

మగ ఏనుగు సాధారణంగా 10–15 ఏళ్ల వయసులో తల్లి మందను వీడి, ఒంటరిగానో ఇతర మగవాటితోనో తిరుగుతుంది. తొండాలు పెనవేయడం, నుదుళ్లు ఆనించి నెట్టుకోవడం, దంతాలు తాకించడం బలపరీక్షలో ప్రధాన చేష్టలు. చెవులు విప్పి తల ఎత్తడం బెదిరింపు. పక్కకు తప్పుకోవడం లొంగుబాటు. చాలా పోటీలు తీవ్ర గాయాలు లేకుండానే ముగుస్తాయి.

వయసు, దేహ పరిమాణం, మదం ఫలితాన్ని నిర్ణయిస్తాయి. మదం ఎక్కినప్పుడు టెస్టోస్టెరాన్ పెరిగి, కణతల వద్ద గ్రంథుల నుంచి ద్రవం కారుతుంది. అప్పుడు చిన్న ఏనుగు సైతం మదంలో లేని పెద్దదాన్ని తరమగలదు. పెద్ద మగవాటి ఉనికి కూడా యువ ఏనుగుల మదంపై ప్రభావం చూపుతుంది: దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్‌లో 1998లో పెద్ద మగ ఏనుగులను ప్రవేశపెట్టాక యువ ఆఫ్రికా ఏనుగుల మదకాలం తగ్గింది.

మనుషులతో సంఘర్షణ నివారణకు ఈ అవగాహన అవసరం. ఎందుకంటే ఆసియా అంతటా పంటలపై దాడుల్లో వయోజన మగ ఏనుగుల పాత్ర ఎక్కువ.