ఊరివీధియే రంగస్థలము



పంచాంగమున వైశాఖ శుద్ధ చతుర్దశి కంటబడినప్పుడెల్ల నాకొక యూరివీధి జ్ఞప్తికి వచ్చును. అది మన తెలుగునాటిది కాదు. తమిళదేశమున, కావేరీజలములచే పండు తంజావూరు సీమలోనిది. ఆ యూరి పేరు మేలట్టూరు. తెలుగు గ్రంథములలో మెరట్టూరనియు కానవచ్చును. నృసింహజయంతి పర్వమున అచ్చట వరదరాజస్వామి కోవెల యెదుట వీధిలో పందిరి వేసి, ఊరివారే వేషములు కట్టి, ప్రహ్లాదచరిత్రమను నాటకమును రాత్రియంతయు ఆడుదురు. ఆడువారిలో పెక్కుమంది ఇంట మాటాడునది తమిళము. ఆడు నాటకము మాత్రము తెలుగు. ఈ వింత యెట్లు సంభవించినది? ఇది యిన్నాళ్ళు ఎవరివలన నిలిచినది? ఈ రెండు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలినది. ఆశ్రయము కోల్పోయిన కవులు, గాయకులు, నాట్యవేత్తలు పెక్కురు దక్షిణమునకు తరలిరి. తంజావూరిని అప్పుడేలుచుండినవారు తెలుగు నాయకరాజులు. వారిలో అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణకుటుంబములకు ఇల్లును, బావిని, సేద్యపుభూమిని ఇచ్చి ఒక అగ్రహారము నిలిపెనని స్థలసంప్రదాయము చెప్పుచున్నది. రాజుపేర అది అచ్యుతపుర మనిపించుకొన్నది. ఆ యగ్రహారమే నేటి మేలట్టూరు.

తరువాత రఘునాథ నాయకుడును, ఆతని కుమారుడు విజయరాఘవ నాయకుడును తామే తెలుగు కవులై, యక్షగానములకు కొలువుకూటమున పెద్దపీట వేసిరి. 1673లో నాయకరాజ్యము ముగిసినది. 1676లో మహారాష్ట్రులు వచ్చిరి. రాజులు మారిరి గాని రంగస్థలముపై భాష మారలేదు. 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ, మహారాష్ట్రుడయ్యును, తెలుగున యక్షగానములు రచించెను. ఏలువాడు మహారాష్ట్రుడు, ప్రజలు తమిళులు, పాట తెలుగు. ఒకరి భాషను మరియొకరు పరాయిదని త్రోసిపుచ్చని కాలమది.

అట్టి నేలపై పుట్టినవాడు మెరట్టూరు వేంకటరామశాస్త్రి. ఈయన త్యాగరాజస్వామికి సమకాలికుడు. త్యాగరాజస్వామి 1767 నుండి 1847 వరకు జీవించి, తిరువయ్యారున నుండియే ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము అను గేయనాటకములను తెలుగున సంతరించిరి. శాస్త్రిగారు ప్రహ్లాదుడు, మార్కండేయుడు, హరిశ్చంద్రుడు, రుక్మాంగదుడు మొదలగువారి కథలను నాటకములుగా కూర్చి, తన యూరి దేవునికి సమర్పించిరి. అవి కొలువుకూటములకొరకు పుట్టినవి కావు, వీధికొరకు పుట్టినవి.

ఆ రాత్రి నడచు క్రమమును వినుడు. మొదట కోణంగి యను హాస్యగాడు కుచ్చుటోపీతో గంతులిడుచు వచ్చి పిల్లలను నవ్వించి, జనమును సద్దుమణగ జేయును. పిమ్మట మంగళగానము. ఆపై ఒక బాలుడు గణపతి మొగము ధరించి వచ్చి దీవించి పోవును. అటుపిమ్మట ఒక్కొక్క పాత్ర తన ప్రవేశదరువుతో తెరవెడలి వచ్చును. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. తెల్లవారుజామున స్తంభము పగులు ఘట్టము. నృసింహుని మొగము వట్టి వేషసామగ్రి కాదు. అది పూజలందుకొను మూర్తి. దానిని ధరించువాడు ఉపవసించును. ఆవేశము మిక్కుటమైనచో పట్టి నిలుపుటకు మనుష్యులు ప్రక్కన నుందురు. అప్పుడు చూచువారు ప్రేక్షకులు కారు, భక్తులు. లేచి చేతులు జోడింతురు.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. 1855లో తంజావూరి రాజ్యము అంతరించినది. పోషించు ప్రభువు లేడు. అగ్రహారముల పిల్లలు ఆంగ్లవిద్యకై, కొలువులకై పట్టణములు చేరిరి. ఊత్తుకాడు, శూలమంగళము, నల్లూరు మున్నగు చుట్టుపట్ల గ్రామములలోను భాగవతమేళము లొకప్పుడుండెను. అందు పెక్కు నిలిచిపోయినవి. మేలట్టూరనను దీపము కొడిగట్టినది. అప్పుడు నటేశయ్యరను భాగవతులు దానిని ఎగద్రోసి నిలిపిరి. పిదప ఇ. కృష్ణయ్యరు, వే. రాఘవన్ వంటి విద్వాంసులు దాని గొప్పను లోకమునకు తెలిపిరి. నేడు ఆ యూరి కుటుంబములవారు ఎచ్చటెచ్చటనో ఉద్యోగములు చేయుచుండియు, జయంతికి సెలవు పెట్టుకొని వచ్చి, తమ తండ్రులు కట్టిన వేషములను కట్టుచున్నారు.

మన కృష్ణాతీరమున కూచిపూడి యున్నది. సిద్ధేంద్రయోగి భామాకలాపమును అచ్చటి బాలురకు నేర్పెననియు, గోలకొండ నేలిన తానీషా ఆ యూరిని భాగవతులకు అగ్రహారముగా నిచ్చెననియు పెద్దలు చెప్పుదురు. కూచిపూడివారు మేళము గట్టి ఊరూర తిరిగి, ఆ విద్యయే జీవనముగా బ్రదికిరి. మేలట్టూరువారు ఇల్లు కదలక, ఏటికొకసారి తమ వీధిలో వ్రతముగా ఆడిరి. తిరిగిన నీరును, నిలిచిన నీరును ఒక్క యేటివే. రెంటికిని మూల మొక్కటి: ఇది మాది, మేము విడువము అను పట్టుదల. రాజులిచ్చిన భూములు చేతులు మారినవి. ఆ పట్టుదల మారలేదు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలయును. నేను బడిపంతులుగా నున్న యొక యూరికి, కోతలైన పిమ్మట, వీధిభాగవతులు వచ్చెడివారు. పిల్లలు రాత్రి మేల్కొని మరునాడు తరగతిలో కునుకుపాట్లు పడుచుండిరి. నేను కినిసి, ఆటకు పోరాదని శాసించితిని. పిల్లలు నా మాట వినిరి. పిల్లలు రానిచోటికి తల్లులును రారైరి. రెండు మూడేండ్లకు భాగవతులును రాక మానిరి. వారినెవరును పొమ్మనలేదు, రమ్మనుటయే మరచితిమి. భాగవతపద్యములను బెత్తముపట్టి వల్లెవేయించిన నేను, ఆ కథ కండ్లకు కట్టుచోటికి పోకుండ పిల్లలను ఆపితిని. విరమించి యింట కూర్చున్న యీ దినములలో అది నన్ను బాధించుచున్నది.

కావున గ్రామపెద్దలకు నా విన్నపమిది. తంజావూరి రాజు మనకు రాడు, రానక్కరలేదు. నెలకొక సాయంకాలమును, పున్నమినాడైన మేలు, ఊరివీధి కీయుడు. ఒక యరుగుమీద హరికథ, ఒక కూడలిలో చెక్కభజన, రచ్చచెట్టు క్రింద తోలుబొమ్మలాట జరుగనిండు. జనము వెన్నెలలో ఒకచోటినుండి మరియొకచోటికి నడచుచు చూతురు. ఆడువారు మన యూరివారే కావలయును. పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. వారు మరునాడు బడిలో కునికినను ఆ పంతులుకు నేను సమాధానము చెప్పుకొందును.

పరభాష మాటాడు ఊరు మన భాషనాటకమును నాలుగు వందల యేండ్లుగా తన వీధిలో నిలిపినది. మన వీధిలో మనము నిలుపలేమా?

స్వస్తి.