నొక్కితే తెరుచుకునే లైబ్రరీ

వెంకటగిరికోట నుంచి హద్దు దాటి బెంగళూరు కొలువులకు పోయే కుర్రాళ్ళకు ఈ కిటుకు కొట్టిన పిండి: కంట్రోల్ మీట పట్టుకుని ఫంక్షన్ పేరు మీద క్లిక్ చేస్తే, అది పుట్టిన చోటికి ఎడిటర్ తీసుకుపోతుంది. సొంత కోడు వరకు పేచీ లేదు. లైబ్రరీ ఫంక్షన్ మీద నొక్కినప్పుడే కొన్నిసార్లు ‘సోర్స్ నాట్ ఫౌండ్’ అని మొహం చాటేస్తుంది.

ఈ గెంతును జనానికి అలవాటు చేసింది సీట్యాగ్స్. 1970ల చివర్లో, బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ రాశాడు. బిల్ జాయ్ వీఐ ఎడిటర్‌కు తోడుగా బీఎస్‌డీ యూనిక్స్‌లో చేరింది. అది చేసేదల్లా కోడంతా ఒకసారి చదివి ‘ట్యాగ్స్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు తయారుచేయడం. ఒక్కో వరుసలో ఫంక్షన్ పేరు, అదున్న ఫైలు, అక్కడ వెతకాల్సిన లైను పాఠం. లైను నంబరుకు బదులు పాఠాన్నే రాసిపెట్టడంలో ఉంది తెలివంతా: పైన పది లైన్లు కొత్తగా చేర్చినా గురి తప్పదు.

అయితే అది చదవగలిగేది డిస్కులో ఉన్న కోడునే. సీ లైబ్రరీలు యంత్రభాషలోకి మారి వస్తాయి. వెంట వచ్చే హెడర్ ఫైళ్ళలో ఉండేది ముఖ్యంగా పేర్లే. ఈమాక్స్ ఎడిటర్ ఈ విషయంలో నిక్కచ్చి. దాని లోపలి సీ ఫంక్షన్ చూపమంటే, సోర్స్ ఏ డైరెక్టరీలో పెట్టావని మనల్నే అడుగుతుంది.

జావావాళ్ళు లైబ్రరీ మూలాన్ని జేడీకేతోపాటు ఒక జిప్ ఫైలుగా ఇచ్చారు. 2001లో ఐబీఎం బయటపెట్టిన ఎక్లిప్స్‌లో ‘అటాచ్ సోర్స్’ నొక్కి ఆ జిప్ ఎక్కడుందో చెబితే చాలు. ఎక్లిప్స్ జావా పనిముట్లను నడిపించిన ఎరిక్ గామానే తర్వాత మైక్రోసాఫ్ట్‌లో వీఎస్ కోడ్‌కు సారథి అయ్యాడు. అది 2015లో వచ్చింది, మన సత్య నాదెళ్ళ పగ్గాలు చేపట్టిన మరుసటి ఏడు. 2016 జూన్‌లో రెడ్‌హ్యాట్, కోడెన్వీలతో కలిసి మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకటించింది. అంతకుముందు ప్రతి ఎడిటరూ ప్రతి భాషనూ విడిగా నేర్చుకోవాల్సిందే. ఇప్పుడు ఆ భాష తెలిసిన సర్వర్ ఒకటి పక్కన నడుస్తూ, అడిగిన పేరు ఏ ఫైల్లో, ఏ లైన్లో ఉందో చెబుతుంది.

ఇంత జరిగినా మూలం డిస్కులో లేకపోతే సర్వరైనా చేసేదేమీ లేదు. రస్ట్‌లో ప్రామాణిక లైబ్రరీ చూడాలంటే ‘రస్ట్-ఎస్‌ఆర్‌సీ’ అనే భాగాన్ని రస్టప్‌తో విడిగా దించుకోవాలి. రేసర్ అనే పాత రస్ట్ పనిముట్టు రోజుల్లో ఆ మూలం ఉన్న దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చేత్తో రాసుకునేవారు. పైథాన్ లైబ్రరీ చాలావరకు తెరిచిన పుస్తకమే కానీ, వీఎస్ కోడ్‌లో ‘లెన్’ మీద నొక్కి చూడండి. పేరు, రకాలు, ఆపైన మూడు చుక్కలు, అంతే. అసలు పని సీ భాషలో జరుగుతుంది. ఆ సీ కోడున్న ఫైలు సీపైథాన్ సోర్స్‌లో, ‘పైథాన్’ అనే ఫోల్డరులో ఉంటుంది. దాన్ని విడిగా దించుకోవాలి.