సంఘం మెయిల్: సాక్ష్యం పోకుండా సర్వర్ సెట్టింగులు

అట్రాసిటీ కేసులో ఫిర్యాదు ప్రతి, గాయాల ఫోటోలు, సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు ఇప్పుడు మెయిల్‌లోనే వస్తున్నాయి. చర్ల, దుమ్ముగూడెం గ్రామాల నుంచి పంపినవాటిని కొత్తగూడెంలో ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు ఒకే సంఘం ఖాతాలో చూస్తుంటే, సర్వర్ నుంచి మెయిల్‌ను ఏ పద్ధతిలో తెచ్చుకుంటున్నామో తెలిసి ఉండాలి.

పద్ధతులు రెండు. పాప్3లో మెయిల్ కంప్యూటర్‌లోకి దిగుతుంది. సర్వర్‌లో కాపీ ఉంచమనే సెట్టింగు పెట్టకపోతే అక్కడ చెరిగిపోవచ్చు. ఆ కంప్యూటర్ పాడైతే కేసు కాగితాలు పోయినట్టే. ఐమాప్‌లో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది, ఎవరి ఫోన్‌లో తెరిచినా కనిపిస్తుంది. అయితే ఒకరు చెరిపితే అందరికీ పోతుంది. అందుకే ఐమాప్ వాడినా విడిగా బ్యాకప్ తప్పదు.

ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఐమాప్ పోర్టు 993, భద్రత ఎస్‌ఎస్‌ఎల్ లేదా టీఎల్‌ఎస్ అని పెట్టుకోవాలి. భద్రత లేకుండా 143, 110 పోర్టులు వాడితే పాస్‌వర్డ్ దారిలో ఎవరికైనా దొరకవచ్చు.

సొంతంగా డవ్‌కాట్ సర్వర్ నడిపేవాళ్లు 'ప్రోటోకాల్స్' వరుసలోంచి పాప్3 తీసేసి ఐమాప్ ఉంచాలి. 'ఎస్‌ఎస్‌ఎల్'కు 'రిక్వైర్డ్' అని రాయాలి. 'డవ్‌కాన్ఫ్ -ఎన్' ఆదేశంతో సరిచూసుకుని సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధృవపత్రం జతచేయాలి. కాబట్టి ఫార్వర్డ్ చేసిన కాపీతో సరిపెట్టుకోకుండా, హెడర్లతో సహా అసలు మెయిల్‌ను భద్రపరుచుకుందాం. సమాచార హక్కు జవాబు అందాక మొదటి అప్పీలుకు గడువు 30 రోజులే. అది ఏ రోజు అందిందో చూపేదీ ఆ మెయిలే.