వేలర్స్ ఆఖరి ఏడు

ఆ మంటలో ఇంకో కట్టె వెయ్యరా చిన్నోడా. నీ టోపీ మీద తిమింగలం తోక ఉంది చూడు, అది ఎవరి గుర్తో తెలుసా? మన హార్ట్‌ఫర్డ్ వేలర్స్ ఐస్ హాకీ జట్టుది. కింద డబ్ల్యూ, పైన తోక, నడుమ ఖాళీలో హెచ్. పీటర్ గుడ్ అనే ఆయన గీశాడు.

ఈ ఊళ్ళో ఇన్సూరెన్స్ కంపెనీలో పనికి చేరేనాటికి నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం, అంతే. ఐసు మీద జారుతూ భుజాలతో గుద్దుకునే ఆట చూసి ఇదేం గోలరా బాబూ అనుకున్నా. ఆ తర్వాత అందరికంటే గట్టిగా అరిచింది నేనే, మీ నాయనమ్మనడగండి.

డౌన్‌టౌన్‌లో షాపింగ్ మాల్‌ని ఆనుకుని జట్టు ఆడే సివిక్ సెంటర్ ఉండేది. 1978 జనవరిలో మంచు బరువుకి దాని పైకప్పు మొత్తం కూలిపోయింది. అంతకు కొన్ని గంటల ముందే వేలమంది అక్కడ బాస్కెట్‌బాల్ చూసి ఇళ్ళకి వెళ్ళారు. తెల్లవారుజామున కూలింది కాబట్టి ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. జట్టు రెండేళ్ళు పక్క రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆడి మళ్ళీ ఊరికొచ్చింది. హాకీ దిగ్గజం గార్డీ హోవ్ యాభై దాటాక కొడుకులతో కలిసి ఆడింది ఈ జట్టుకే! 1979-80లో 80 మ్యాచుల్లో ఒక్కటి కూడా మానలేదు మహానుభావుడు.

నన్నడిగితే జట్టు సగం పోయింది 1991 మార్చిలోనే. మా స్టార్ ఆటగాడు రాన్ ఫ్రాన్సిస్‌ని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు. వాళ్ళు ఆ ఏడూ, మరుసటి ఏడూ లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ కొట్టారు. మేం నోరెళ్ళబెట్టి చూశాం.

1994లో పీటర్ కర్మనోస్, ఇంకొందరూ కలిసి జట్టుని కొన్నారు. తర్వాత 1996-97కి 11,000 సీజన్ టికెట్లు అమ్ముడుపోవాలన్నారు. అన్ని పోలేదు గానీ 8,000 దాటాయి. ఇంత చిన్న ఊరికి అది తక్కువా? కొత్త స్టేడియం కడదామన్న మాట నడిచింది గానీ, చివరికి అది లేచేదాకా నష్టం ఎవరు మొయ్యాలన్న దగ్గర బేరం చెడింది. 1997 మార్చి 26న గవర్నర్, కర్మనోస్ కలిసి జట్టు వెళ్ళిపోతోందని చెప్పేశారు. ఏ ఊరికో కూడా అప్పుడు చెప్పలేదు. ఈ ఊళ్ళోనే ఉంటామన్న ఒప్పందం తీరకముందే కదులుతున్నందుకు 2 కోట్ల 5 లక్షల డాలర్లు కట్టి మరీ వెళ్ళారు.

వెళ్ళిపోతామని తెలిశాక కూడా మన ఆటగాళ్ళు ఆట వదిలెయ్యలేదురా. ఒట్టావాతో పోటీపడ్డారు; వాళ్ళకి 77 పాయింట్లు, మనకి 75. రెండంటే రెండు పాయింట్లతో ప్లేఆఫ్స్ పోయాయి.

ఏప్రిల్ 13 ఆదివారం, టాంపా బేతో ఆఖరి ఆట. 14,660 మంది వచ్చారు. వేలర్స్ చిట్టచివరి గోల్ కొట్టింది కెప్టెన్ కెవిన్ డినీన్. 2-1తో గెలిచాం. ఆట అయ్యాక జనం కుర్చీల్లోంచి కదిలితే ఒట్టు.

జట్టు నార్త్ కరొలైనాకి వెళ్ళి హరికేన్స్ అయింది. 2006లో స్టాన్లీ కప్ గెలిచింది కూడా. ఆ కప్ ఎత్తినవాళ్ళలో గ్లెన్ వెస్లీ ఉన్నాడు, ఇక్కడ మన కళ్ళముందు ఆడినవాడే. జనం రాకే జట్టు పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. డబ్బు లెక్క కుదరక పోయింది.