హైదరాబాదు పేరు మోసిన విమానములు

వారాసిగూడలో పుట్టి, ఉస్మానియా ఆర్ట్సు కళాశాల మెట్లపై కూర్చుండి చదువు ముగించి, పొట్టకూటికై ఇంగ్లండు చేరి లింకనులో స్థిరపడిన నేను, మన ఊరి పేరును ప్రక్కయింటి వృద్ధుని నోట విందునని కలనైనను తలపలేదు. ఆయన లాంకాస్టరు బాంబరు తోకగూటిలో, మరతుపాకుల వెనుక, వచ్చిన దారివైపు మొగమై కూర్చుండి, గడ్డకట్టు చలిలో జర్మనీపై రాత్రులు గడపినవాడు. "హైదరాబాదా! మీ ఊరి పేర మాకొక స్క్వాడ్రను ఉండెడిదే!" అనెను.

నిజమే. 1918లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ధనముతో 110వ స్క్వాడ్రనుకు విమానములు సమకూడగా, ఒక్కొక్కదానిపై దాత నామము లిఖించిరి. 1939 సెప్టెంబరు 4న, అనగా యుద్ధము ప్రకటించిన మరునాడే, ఆ స్క్వాడ్రను జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హేవెన్ రేవుపై దాడికేగెను. అడ్మిరల్ షీర్ నౌకకు తగిలిన బాంబులు ప్రేలనే లేదు. సరిగా మూడు మాసములకు, డిసెంబరు 4న, అదే నిజాము మన ఆర్ట్సు కళాశాలను ప్రారంభించెను. నిజామిచ్చిన ఆ విమానములకును ఈ కళాశాలకును మూలము మన రైతుల శిస్తేయని నేననగా ఆ వృద్ధుడు నవ్వలేదు.

ఇంగ్లీషువారు గెలిచిన యుద్ధమును గూర్చి గొప్పలు చెప్పుకొనుటయే మన మెరుగుదుము. కాని బాంబర్లలో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది మరణించినను, విజయోత్సవ ప్రసంగమున చర్చిల్ వారి ఊసెత్తలేదు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెనులో కాలి చనిపోయిన సుమారు 25,000 మంది తలపునకు రాగా, ఈ జాతికి నోరు పెగలలేదని నా యూహ.

దాడినుండి మరలినవారికి వేయించిన గుడ్డు పెట్టెడివారు. రేషను దినములలో అది అపురూపము. వడ్డించి యుండియు తినువారు లేని పళ్ళెములను లెక్కింపకుండ తినుట నేర్చుకొంటినని ఆయన యొకమారు చెప్పెను. తరువాత ముప్పదియేండ్లు సిటీబస్సు నడపిన ఆ మనిషి, రైలెక్కినచో వెనుకకు తిరిగిన సీటునే కోరెడివాడు.

2012 జూనులో లండను గ్రీన్ పార్కునందు బాంబరు సిబ్బంది స్మారకమును రాణి ఆవిష్కరించుట టెలివిజనులో కలిసి చూచితిమి. బాంబులకు బలియైన సకలదేశస్థులను గూడ స్మరించు వాక్యమొకటి దానిపై నున్నదని నేను పత్రికలో చూచి చెప్పగా, కండ్లజోడు తుడుచుకొని, దానిని మరల చదువుమనెను.